పంచిన అధికారము, పంచని అధికారము: బ్రిటిషు రాజ్యాంగ సంస్కరణల సమీక్ష

1997 సెప్టెంబరు 18వ తేది రాత్రి వేల్సు దేశమున ఓట్ల లెక్కింపు జరుగుచుండగా, తమకొక ప్రత్యేక ప్రతినిధి సభ కావలెనా యను ప్రశ్నకు ఆ ప్రజలు వద్దనియే చెప్పిరని తెల్లవారుజాము వరకు చాలమంది తలచిరి. కట్టకడపటి ఫలితము కార్మార్దెన్‌షైరు నుండి వచ్చినది. దానితో తక్కెడ ఒరిగినది. ఓటుహక్కు గలవారిలో సగము మంది మాత్రమే పాల్గొన్న ఆ పోలింగులో ఔననినవారు 50.3 శాతము, పదునొకండు లక్షలకు పైబడిన ఓట్లలో ఆధిక్యము 6,721. అంత సన్నని దారమున వ్రేలాడి పుట్టిన సభకు, తనకు అప్పగింపబడిన విషయములపై పూర్ణమైన శాసనాధికారమును ఇయ్యవచ్చునా యని 2011 మార్చిలో అదే ప్రజలను మరల అడుగగా 63.5 శాతము ఇయ్యవచ్చుననిరి. పదునాలుగేండ్ల వ్యవధిలో ఈ రెండు అంకెల నడుమ ఏర్పడిన దూరమే, గత పాతికేండ్లకు పైగా బ్రిటనులో జరిగిన రాజ్యాంగ సంస్కరణల జయాపజయములను కొలుచుటకు నాకు తోచిన కొలబద్ద.

సంస్కరణము తన వాగ్దానమును నెరవేర్చినదా యని అడుగుట సామాన్య పద్ధతి. ఆ పద్ధతిని బట్టి చూచినచో స్కాట్లండు పార్లమెంటు విఫలమనియే చెప్పవలసి వచ్చును; ఏలయన, ఆ పార్లమెంటు ఏర్పడినచో స్కాటిషు జాతీయవాదము నామరూపములు లేకుండ పోవునని 1995లో లేబరు పక్షపు నాయకుడు జార్జి రాబర్ట్‌సన్ భవిష్యత్తు చెప్పెను; 2007లో ఆ జాతీయవాద పక్షమే లేబరు పక్షపు 46 స్థానములకు ఎదురుగా 47 స్థానములు గెలిచి ఆ సభలోనే అధికారమునకు వచ్చినది; 2011లో 129 స్థానములలో 69 గెలిచి సంపూర్ణాధిక్యము పొందినది. అయినను నేడు స్కాట్లండులో ఆ పార్లమెంటును ఎత్తివేయవలెనని కోరు ప్రధాన రాజకీయ పక్షము లేదు. కాన, పుట్టించినవారి యాశలు తీరినవా యనుటకంటె, పుట్టినది వేళ్లూనినదా, దానిని వ్యతిరేకించినవారు అధికారమునకు వచ్చినప్పుడు దానిని పెకలింప సాహసించిరా, దానిని తమదని భావించి అడ్డుపడు ప్రజలు దానికి ఏర్పడిరా యని విచారించుట న్యాయము.

బ్రిటిషు రాజ్యాంగము వ్రాతలో లేదనుట పొరపాటు. ఒక్కచోట వ్రాయబడలేదనుట సరి. 1689 నాటి హక్కుల పత్రము, 1701 నాటి వారసత్వ చట్టము, 1911 నాటి పార్లమెంటు చట్టము మొదలుగాగలవి యన్నియు వ్రాతలే. కాని రహదారుల చట్టమునకు గల హోదాయే వీనికిని గలదు. కామన్సు సభలో సామాన్యాధిక్యము గల ప్రభుత్వము వీనిలో దేనినైనను మార్చగలదు. ఈ స్థితికి ఎన్నికైన నియంతృత్వమని 1976లో పేరు పెట్టినవాడు కన్సర్వేటివు పక్షపు ప్రభువు హెయిల్షం. కాని 1979 నుండి పదునెనిమిదేండ్లు ఆ పక్షమే ఏలినప్పుడు ఆ పేరు దాని పాలనకే చక్కగా అతికినది. తలపన్ను అను అప్రియమైన పన్నును, ఆ పక్షమును ఎన్నికలలో తిరస్కరించిన స్కాట్లండుపై ఇంగ్లండుకంటె ఒక యేడు ముందుగా, 1989లోనే విధించుట ప్రజల మనస్సులలో మాయని గాయమైనది. 1988లో చార్టరు 88 అను ఉద్యమము వ్రాతపూర్వకమైన రాజ్యాంగమును కోరినది. 1997 మార్చిలో లేబరు, లిబరల్ డెమొక్రాటు పక్షములు రాబిన్ కుక్, రాబర్ట్ మెక్లెనన్ల నాయకత్వమున ఒక సంస్కరణ ప్రణాళికపై ఒడంబడిక చేసికొనినవి. రెండు నెలలకే టోనీ బ్లెయిరు ప్రధానియయ్యెను.

ఆ తరువాత నాలుగేండ్లలో జరిగిన మార్పులు అంతకు ముందరి ఎనుబదేండ్లలో జరిగిన మార్పులకంటె మిన్న యనుట అతిశయోక్తి కాదు. అయితే ఇవి యన్నియు ఒక్క ఇంటికి గీచిన పటమును బట్టి కట్టిన గోడలు కావు. మన దేశమున రాజ్యాంగ నిర్ణయ సభ మూడేండ్లకు కొంచెము తక్కువగా కూర్చుండి, ప్రతి ప్రకరణమును తక్కిన ప్రకరణములతో సరిచూచి కుదిర్చినది. బ్రిటనులో అట్టి సభ ఎన్నడును కూడలేదు. స్కాట్లండుకు ఒక బిల్లు, ప్రభువుల సభకు వేరొక బిల్లు, హక్కులకు మరియొక బిల్లు. ఒకదాని సంగతి మరియొకదానికి తెలియదు.

ఇందు స్కాట్లండు ఒక్కటియే కొంత యపవాదము. దాని విజయ రహస్యమును అచ్చటనే వెదకవలెను. 1989 నుండి ఆరేండ్లు అచ్చటి చర్చిలు, కార్మిక సంఘములు, స్థానిక ప్రభుత్వములు, కొన్ని రాజకీయ పక్షములు కలసి ఒక రాజ్యాంగ సమావేశముగా కూడి, రాబోవు పార్లమెంటు ఎట్లుండవలెనో, సభ్యులు ఎట్లెన్నిక కావలెనో, ఏ యధికారములు కావలెనో తర్కించి 1995లో నివేదికను వెలువరించిరి. లండను ప్రభుత్వము చేసినది చాలవరకు ఆ నివేదికను చట్టముగా మార్చుట మాత్రమే. కనుకనే 1997 సెప్టెంబరు 11న అడిగినప్పుడు 74.3 శాతము పార్లమెంటును కోరిరి. పన్నులలో మార్పు చేయు నధికారమును సైతము 63.5 శాతము కోరిరి. ఎవరును తమకు దయచేసినది కాక తాము కూర్చుండి తీర్చిదిద్దుకొన్నదగుటచే ఆ సభపై వారికి మొదటి దినము నుండియే మమకారము కలిగినది. వృద్ధులకు ఇంటిపట్టున ఉచిత సేవ, ఇంగ్లండుకంటె ముందుగా 2006లో బహిరంగ స్థలములలో ధూమపాన నిషేధము, 2018లో మద్యమునకు కనీసపు ధర, ఇట్టివి ఆ సభ చేసిన శాసనములలో కొన్ని. 1997లో దీనిని వ్యతిరేకించిన కన్సర్వేటివులే తిరిగి అధికారమునకు వచ్చిన పిమ్మట 2012లోను 2016లోను చట్టములు చేసి దీని యధికారములను పెంచిరి. వేరూనుట యనగా ఇదియే.

అయినను ఆ వృక్షపు నీడలోనే ఒక చీడయు పెరిగినది. స్కాట్లండుకు అధికారములిచ్చిన 1998 చట్టమే, ఆ దేశమునకు శాసనములు చేయు పార్లమెంటు అధికారమునకు దీనివలన భంగము లేదని ప్రకటించినది. సాధారణముగా స్కాట్లండు సమ్మతి లేకుండ అప్పగించిన విషయములలో జోక్యము చేసికొనమని ప్రభువు స్యూవెల్ చెప్పిన మాట సంప్రదాయమైనది; 2016లో చట్టములోనికి సైతము ఎక్కినది. మరుసటి యేడు సర్వోన్నత న్యాయస్థానము, ఇది రాజకీయ సంప్రదాయమే గాని న్యాయస్థానములు అమలు పరుపదగిన నియమము కాదని తేల్చినది. 2020 జనవరిలో యూరోపియను సమాఖ్య నుండి వైదొలగు ఒడంబడిక చట్టమునకు స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు సభలు మూడును సమ్మతి నిరాకరించినను ఆ చట్టము ఆమోదింపబడినది. 2023 జనవరిలో స్కాటిషు పార్లమెంటు ఆమోదించిన లింగగుర్తింపు బిల్లును లండను ప్రభుత్వము తొలిసారిగా 1998 చట్టపు ముప్పదియైదవ సెక్షనును ప్రయోగించి ఆపినది. ఆ బిల్లు మంచిచెడ్డలు వేరు మాట; ఇచ్చినవాడు తనకు తోచినప్పుడు ఆపగలడనుట మాత్రము ఆనాడు అందరికిని తెలిసినది.

ఉత్తర ఐర్లండు సంగతి దీనికి భిన్నము. మూడువేల ఐదువందల మందికి పైగా ప్రాణములు కోల్పోయిన మూడు దశాబ్దుల రక్తపాతమునకు పిమ్మట, 1998 ఏప్రిలు 10న బెల్‌ఫాస్టు ఒడంబడిక కుదిరినది. మే 22న 71.1 శాతము ప్రజలు దానిని ఆమోదించిరి. బ్రిటనుతో నుండగోరువారు, ఐర్లండుతో కలియగోరువారు అను రెండు వర్గములవారును కలసియే పాలింపవలెనని, ఒకరు లేచిపోయినచో రెండవవారు ఒంటరిగా పాలింపరాదని ఆ యేర్పాటు. ఈ నియమమే శాంతికి మూలమైనది. ఈ నియమమే స్తంభనకును మూలమైనది. 2002 నుండి 2007 వరకు, 2017 నుండి 2020 వరకు, 2022 నుండి 2024 వరకు పాలన నిలిచిపోయినది. ఆ వ్యవస్థ తన ఆయుస్సులో మూడవవంతునకు మించి నిద్రలోనే గడపినది. పాలనా యంత్రముగా తూచినచో ఇది తేలిపోవును. కాని తుపాకులు నిలిచినవి. 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ అను జాతీయవాద వనిత ప్రథమ మంత్రియైనప్పుడు ఒక్క తుపాకియు మ్రోగలేదు. సంస్కరణలన్నిటిలోను దేనివలన మనుష్యుల ప్రాణములు నిలిచినవని యడిగినచో నేను ముందుగా దీనినే చూపుదును.

ఈ మూడు దేశములకు అధికారము పంచినవారు, జనాభాలో ఇంచుమించు 84 శాతము నివసించు ఇంగ్లండును మరచిరి. స్కాటిషు సభ్యుడు ఇంగ్లండు పాఠశాలలపై ఓటు వేయగా, ఇంగ్లండు సభ్యుడు స్కాటిషు పాఠశాలలపై వేయజాలకుండుట యేమి న్యాయమని లేబరు సభ్యుడు టామ్ డాల్యెల్ 1977 నుండియే అడుగుచుండెను. సమాధానముగా ప్రాంతీయ సభలను ప్రతిపాదించినప్పుడు, 2004లో ఈశాన్య ఇంగ్లండు 77.9 శాతముతో త్రోసిపుచ్చినది. ఆ సభకు ఇయ్యజూపిన యధికారములు అత్యల్పములు. గుల్ల సభకొరకు ప్రజలేల ఉత్సాహపడుదురు? ఇంగ్లండు చట్టములకు ఇంగ్లండు సభ్యుల ఓటు అను కామన్సు నిబంధన 2015లో పుట్టి 2021లో చచ్చినది. లండను నగరపు మేయరు పదవి నిలిచినది; మాంచెస్టరు వంటి మహానగర ప్రాంతములకు 2017 నుండి ఎన్నికైన మేయర్లు వచ్చిరి. కాని వీరి చేతిలోనిది చాలవరకు కేంద్రము బేరసారములాడి ఇచ్చినదే.

హక్కుల విషయమున జరిగిన మార్పు మన పాఠకులకు మిగుల ఆసక్తికరము. 2000 అక్టోబరు 2న అమలులోనికి వచ్చిన మానవ హక్కుల చట్టము యూరోపియను మానవ హక్కుల ఒడంబడికలోని హక్కులను స్వదేశపు న్యాయస్థానములలోనే అడుగునట్లు చేసినది. అయినను పార్లమెంటు చేసిన చట్టమును కొట్టివేయు నధికారమును న్యాయమూర్తుల కీయలేదు. ఈ చట్టము హక్కులతో పొసగదని ప్రకటించుట వరకే వారి శక్తి. పార్లమెంటు సైతము ప్రాథమిక హక్కులను హరింపజాలదని 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున తీర్పు చెప్పిన మన తెలుగువాడు, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారి మాటలు విన్నవారికి ఇది దంతములు లేని నోరువలె కనబడవచ్చును. కాని అనుభవము వేరుగా ఉన్నది. ఉగ్రవాదులను శంకతో విదేశీయులను విచారణ లేకుండ నిరవధికముగా బెల్‌మార్షు చెరసాలలో నిర్బంధించుట హక్కులతో పొసగదని 2004 డిసెంబరులో తొమ్మండుగురు న్యాయాధిపతులలో ఎనమండుగురు ప్రకటించిరి. ఆ ప్రకటన వలన ఒక్క ఖైదీకిని తలుపు తెరువబడలేదు. అయినను కొలది నెలలకే పార్లమెంటు ఆ నిర్బంధాధికారమును తొలగించి, దాని స్థానమున వేరొక చట్టము చేయవలసి వచ్చినది. సిగ్గుపడు ప్రభుత్వము ఉన్నంతకాలము ఈ యేర్పాటు పనిచేయును. మానవ హక్కుల చట్టమును తీసివేయ నుద్దేశించిన బిల్లు 2022 జూనులో ప్రవేశపెట్టబడి, యేడాదికి విరమింపబడినది. తీసివేయుదుమని ఇన్నిమారులు బెదరింపబడియు బ్రతికియున్న చట్టము ఆ దేశమున వేరొకటి లేదేమో!

సర్వోన్నత న్యాయస్థానపు పుట్టుక మంచి పని చెడ్డ పద్ధతిలో జరిగినదనుటకు ఉదాహరణము. మంత్రివర్గ సభ్యత్వము, ప్రభువుల సభాధ్యక్షత, న్యాయశాఖాధిపత్యము మూడును ఒక్కనిలో కూర్చిన లార్డు ఛాన్సలరు పదవిని రద్దు చేయుదుమని 2003 జూనులో మంత్రుల మార్పుచేర్పుల నడుమ ప్రకటించిరి. శతాబ్దుల నాటి యా పదవి ఎన్నెన్ని చట్టములలో అల్లుకొని యున్నదో పిదపగాని వారికి తెలియలేదు. పదవి నిలిచినది, పనులు మాత్రము విడదీయబడినవి. 2005 చట్టము వలన 2009 అక్టోబరు 1న పండ్రెండుగురు న్యాయమూర్తుల నూతన న్యాయస్థానము వెలసినది. ప్రభువుల సభలో ఒక సంఘముగా కూర్చుండిన న్యాయము వీథికి ఆవలి ప్రక్క తన యింటిలో కూర్చుండినది. పదేండ్లకు, 2019 సెప్టెంబరు 24న, పార్లమెంటును ఐదు వారములు మూసివేయ ప్రధాని బోరిస్ జాన్సన్ రాణికి ఇచ్చిన సలహా శాసన విరుద్ధమని పదునొకండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ మాట చెప్పుటకు ఆ భవనపు స్వాతంత్ర్యము తోడ్పడినదనియే నా నమ్మకము.

సమాచార స్వాతంత్ర్య చట్టమును గూర్చి కొలది మాటలు చాలును. మన సమాచార హక్కు చట్టము వలెనే అదియు 2005లో అమలునకు వచ్చినది. సభ్యుల భత్యముల లెక్కలు అడిగినవారిని తప్పించుకొనుటకు కామన్సు సభ తన్ను తాను మినహాయించుకొన చూచినది. 2009లో లెక్కలు బయల్పడి సభాపతియే రాజీనామా ఈయవలసి వచ్చినది. ఆ చట్టమును చేసిన బ్లెయిరు తన జీవిత కథలో అందులకు పశ్చాత్తాపపడెను. పాలకుడు పశ్చాత్తాపపడిన చట్టము ప్రజలకు పనికివచ్చినదని వేరుగా నిరూపింపనక్కర లేదు.

ఇంతవరకు చెప్పినవానిలో అధికారము వెస్ట్‌మినిస్టరు నుండి వెలుపలి కేగినది. అదే వెస్ట్‌మినిస్టరు లోపలి సంగతికి వచ్చునప్పటికి కూర్చున్న కొమ్మను నరుకుకొనుట కెవ్వరికిని చేతులు రాలేదు. వంశపారంపర్యమునకు మారుగా ప్రజాప్రాతిపదికపై రెండవ సభ నేర్పరుప నుద్దేశము కలదనియు, అది వెంటనే సాధ్యము కాదనియు 1911 నాటి చట్టపు పీఠికయే పలికినది. 1999లో 1,330 మంది సభ్యుల సభ నుండి వంశపారంపర్య ప్రభువులను చాలమందిని పంపివేయగా 669 మంది మిగిలిరి. తాత్కాలికముగా 92 మందిని ఉంచిరి. ఆ తాత్కాలికము పాతికేండ్లు నడచినది. వీరిలో ఒకరు పోయినప్పుడు ఆ స్థానమునకు ఉపఎన్నిక జరుపుచుండిరి. 2016లో జరిగిన అట్టి యొక ఉపఎన్నికలో పోటీదారులు ఏడుగురు, ఓటర్లు ముగ్గురు! ప్రజాస్వామ్యమునకు తల్లియని పేరుగన్న సభలో ఇది జరిగినదన్న మనసున కెంతయో కష్టము కలుగును. 2003లో కామన్సు సభ తన ముందుంచిన మార్గముల నన్నిటిని కాదన్నది. 2007లో పూర్తిగా ఎన్నికైన సభ కావలెనని 337–224 ఓట్లతో తీర్మానించి ఊరకుండినది. 2012లో 462–124 ఓట్లతో రెండవ పఠనము గడచిన బిల్లును, 91 మంది కన్సర్వేటివు సభ్యులు ఎదురు తిరిగినందున, ఆగస్టులో వదలివేసిరి. మిగిలిన వంశపారంపర్యులను తొలగించు బిల్లు 2024 సెప్టెంబరున గాని రాలేదు. ఇందు ఒక చిక్కు కలదు: 1999 తరువాతి సభ, జన్మచే వచ్చినవారి నింద తొలగుటచే, ప్రభుత్వపు బిల్లులను మునుపటికంటె ధైర్యముగా సరిదిద్దినది. పని బాగుగా చేయుచున్నందుననే దాని పునాదిని మార్చుట కష్టతరమైనది. నియామకము ప్రధాని చేతిలో నున్నంతకాలము ఈ మంచితనము ఎరువుదియే యని నా యభిప్రాయము.

ఓటు పద్ధతి విషయమున వైరుధ్యము మరింత స్పష్టము. స్కాట్లండుకు, వేల్సునకు, లండను సభకు, ఉత్తర ఐర్లండుకు, యూరోపియను పార్లమెంటు ఎన్నికలకు దామాషా పద్ధతుల నిచ్చిన ప్రభుత్వమే తన్ను గెలిపించిన పద్ధతిని ముట్టలేదు. ఆ పద్ధతిని పరిశీలించిన జెంకిన్స్ సంఘము 1998లో నివేదిక నిచ్చినది. వాగ్దానము చేసిన ప్రజాభిప్రాయ సేకరణ జరుగలేదు. 2011లో వేరొక పద్ధతిని, అదియు దామాషా కానిదానిని, ప్రజల ముందుంచగా 67.9 శాతము కాదనిరి. 2024 ఎన్నికలలో లేబరు 33.7 శాతము ఓట్లకు 650లో 411 స్థానములు గెలిచినది, 14.3 శాతము ఓట్లు వచ్చిన రిఫార్మ్ పక్షమునకు ఐదు స్థానములే దక్కినవి. ఆ పక్షపు విధానములు నాకు రుచింపకపోయినను, అంతమంది ఓటర్లకు అంత కొంచెము ప్రాతినిధ్యము న్యాయమని చెప్పజాలను.

వేళ్లు లేని సంస్కరణకు నిదర్శనము 2011 నాటి నిర్దిష్ట కాల పార్లమెంటు చట్టము. ఎన్నికల తేదిని నిర్ణయించు శక్తిని ప్రధాని చేతినుండి తీయుట సదుద్దేశమే. కాని అది కన్సర్వేటివు, లిబరల్ డెమొక్రాటు పక్షముల సంకీర్ణము ఒకరినొకరు నమ్మలేక కట్టుకొన్న త్రాడు. 2017లో 522–13 ఓట్లతో సభ రద్దునకు ఒప్పుకొనగా, ఆ చట్టము కోరిన మూడింట రెండువంతుల ఆధిక్యపు నియమము ఆటంకమే కాలేదు. 2019లో ఆ నియమమును దాటలేక, సామాన్యాధిక్యముతో ఒక చిన్న చట్టము చేసి డిసెంబరు 12న ఎన్నికలు జరిపిరి. 2022లో మూలచట్టమే రద్దయినది; పార్లమెంటును రద్దు చేయు నధికార ప్రయోగమును ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదని సైతము వ్రాసికొనిరి. ఆ చట్టముకొరకు ఒక్క ఊరిలో నైనను ఒక్క సభ జరిగినట్లు నే నెరుగను.

ప్రజాభిప్రాయ సేకరణ యనునది ఈ కాలమున రాజ్యాంగములోనికి దొడ్డిదారిన ప్రవేశించినది. దానికి ప్రచార వ్యయము, పర్యవేక్షణ మొదలగు నియమములను 2000 నాటి చట్టము చెప్పినదే గాని, ఎప్పుడు జరుపవలెను, ఎంత ఆధిక్యము కావలెను, ఫలితమునకు ఎవరు బద్ధులు అనునవి చెప్పలేదు. 2016 జూన్ 23న 51.9 శాతము యూరోపియను సమాఖ్యను వీడుటకు ఓటు వేయగా, స్కాట్లండులో 62 శాతము ఉండుటకు వేసిరి. ఇద్దరికిని చెల్లు న్యాయము ఏదియో చెప్పు నియమము కనబడలేదు.

2014 సంవత్సరము తెలుగువారికి మరపురానిది. ఆ జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించిన బిల్లును ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదింపగా, జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడినది. శాసనసభ అభిప్రాయమును అడుగవలెనే గాని పాటింపనక్కరలేదని మన రాజ్యాంగపు మూడవ అధికరణము. దానిని మెచ్చినవారును నొచ్చినవారును కలరు. కాని మార్గమేదియో అందరికిని ముందుగనే తెలియును. అదే యేడు సెప్టెంబరు 18న స్కాట్లండు స్వాతంత్ర్యముపై 84.6 శాతము ఓటర్లు పాల్గొనగా 55.3 శాతము వద్దనిరి. అంత ప్రశాంతముగా ఒక రాజ్యము తన విభజనను ప్రజల ముందుంచుట చరిత్రలో అరుదు, నేను దానిని మనసార మెచ్చుకొందును. అయితే అది జరిగినది 2012 అక్టోబరులో ఇద్దరు ప్రభుత్వాధిపతులు ఎడింబరోలో చేసికొన్న ఒడంబడిక వలన మాత్రమే. ఉత్తర ఐర్లండు విషయమున, ఐర్లండుతో కలియుటకు ఆధిక్యము సంభవమని తోచినచో మంత్రి ప్రజల ఓటు తీసికొనవలెనని, ఒకసారి జరిపిన పిదప ఏడేండ్లలోపల మరల జరుపరాదని 1998 చట్టముననే కలదు. స్కాట్లండునకు అట్టిది లేదు. ఎడింబరో పార్లమెంటు తనంత తాను అట్టి ఓటింగునకు శాసనము చేయజాలదని 2022 నవంబరు 23న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ ప్రజలు ఎన్ని ఎన్నికలలో, ఎంత ఆధిక్యముతో అడిగినచో లండను ఒప్పుకొనవలెనో చెప్పు వాక్యము ఇంతవరకు ఏ చట్టమునను లేదు.